నూకాలత్త చెప్పమన్న మాట

"బోర్డు మీద వెయ్యడానికి మాస్టారి ఫోటో ఒకటి కావాలి టీచర్ గారూ. పాతదైనా పర్లేదండి, మావాళ్ళు క్లియర్ చేసేస్తారు" అని సత్తిబాబు ఫోన్ చేశాడు. ఆ మధ్యాహ్నం మంచం కిందనుంచి నాన్న ట్రంకుపెట్టె బయటికి లాగాను. ఈ వయసులో పెట్టె లాగడమంటే చిన్న పని కాదు. నేలమీద చతికిలబడి, చీపురుకర్ర పెట్టె చెవికి తగిలించి, దాన్నీ నన్నూ తిట్టుకుంటూ లాగాలి. ఫరంపేటలో నేనుంటున్న ఈ రెండు గదుల ఇంటికి ఆ పెట్టె నాతోపాటే వచ్చింది గానీ, వచ్చాక ఒక్కసారైనా మూత తీసిన జ్ఞాపకం లేదు. అందులో ఫోటో లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. ఫోటోకి నిలబడేంత తీరిక నాన్నకు ఎప్పుడూ ఉండేది కాదు. పైన ఒక తువ్వాలు, అట్ట ఊడిన పాటల పుస్తకం, అడుగున గోనెగుడ్డలో చుట్టిన గొడ్డలి. పిడి మీద కాల్చి వేసిన మూడు చుక్కలు చూడగానే అది అమ్మదని తెలిసింది.

సత్తిబాబు దరియాలతిప్ప దగ్గర మడ అడవిని కాపాడే కమిటీకి అధ్యక్షుడు. మంచివాడు, చేతిలో ఫోన్ లేకుండా మాట్లాడలేడన్న ఒక్క లోపం తప్ప. అడవి అంచున జనం నడవడానికి కొత్తగా బాట వేశారు. దానికి మా నాన్న పేరు పెడుతున్నారు, మొదట్లోనే పెద్ద బోర్డు. 'గొడ్డళ్ళు గుళ్ళో పెట్టించి మడ అడవిని కాపాడిన దానియేలు మాస్టారు' అని రాయించామని చదివి వినిపించాడు. ఆదివారం ప్రారంభోత్సవం, నేను వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడాలి. కూతురిగా నేను పొంగిపోవాలి. గొడ్డళ్ళు గుళ్ళో పెట్టించింది మా నాన్నే, అందులో అబద్ధం లేదు. ఆ అడవిని చంపిందీ మా నాన్నే. చచ్చిపోతోందని తెలిసీ నోరు విప్పనిదాన్ని నేను. నేను నోరు విప్పలేదన్న సంగతి తెలిసిన మనిషి ఇంకొక్కరే ఉండేవారు. ఆవిడ సత్తిబాబు మామ్మ, నూకాలత్త. పోయి చాలా ఏళ్ళయింది.

మా చిన్నప్పుడు మేం ఉన్నది ఊళ్ళో కాదు, తిప్ప మీద. గోదావరి సముద్రంలో కలవబోయే ముందు చీలే పాయల మధ్య ఇసుకా ఒండ్రూ పేరుకుని లేచిన మెట్ట అది. మా పిల్లలెవరూ కొండ అన్నది కళ్ళారా చూడలేదు. బళ్ళో పాఠంలో పర్వతం అని వస్తే మేం వేలెత్తి చూపించేది ఆ తిప్పనే. నిజానికి తాటిచెట్టంత ఎత్తు కూడా ఉండేది కాదు. కానీ వరదొచ్చినా గాలివానొచ్చినా చుట్టుపక్కల వాళ్ళంతా గేదెల్ని తోలుకుని ఎక్కేది దానిమీదికే. తిప్ప చుట్టూ మడ అడవి. సముద్రం పోటు మీదుంటే చెట్లు నడుముల్లోతు నీళ్ళలో నిలబడేవి. పాటుకు నీళ్ళు వెనక్కి తీస్తే బురదలోంచి వేలెడేసి పొడుగున పైకి లేచిన చెట్ల వేళ్ళు, ఇప్పుడు ఊపిరివేళ్ళు అంటున్నవి, కనిపించేవి, వాటి మధ్య పీతలు, నత్తలు, కాళ్ళు పొడుగు కొంగలు. అడవిలోకి ఆ నీరు వచ్చేదీ పోయేదీ ఒకటే దారి, పది బారల వెడల్పున్న పిల్లకాలువ. తిప్ప మీద సగం ఇళ్ళు మాలాంటి క్రైస్తవ కుటుంబాలవి, కనకాలపేట వైపు వరిచేలకు కూలికెళ్ళేవాళ్ళవి. కాలువ వైపు ఇళ్ళు వేటకెళ్ళే జాలర్లవి. నాన్న చదువుకున్నవాడు కాబట్టి తిప్ప మీది పిల్లలకు బడి చెప్పేవాడు, ఆదివారం పాకగుడిలో ప్రార్థన నడిపించేవాడు. అయినా మా తాత నేర్పిన గట్లపని ఆయన చేతుల్లోంచి పోలేదు. ఎక్కడ చేనిగట్టు జారినా పంచె ఎగ్గట్టి పార పట్టేవాడు.

ఇప్పుడు గ్యాసు పొయ్యి ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే నాకు గుర్తొచ్చేది మడకట్టె వాసన. పచ్చిదైనా మండుతుంది, పొగ తక్కువ, నిప్పు కణకణలాడుతూ మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. కొంచెం ఉప్పు, కొంచెం బురద కలిసినట్టుండే ఆ వాసన మా ఇంట్లో అన్నానికీ ఉండేది, ఎండుచేపల పులుసుకీ ఉండేది, అమ్మ చీరకొంగుకీ ఉండేది. శనివారం పొద్దున్నే అమ్మ గొడ్డలి భుజాన వేసుకుని తూర్పు వైపుకి వెళ్ళేది, సాయంత్రానికి రెండు మోపులు. ఇళ్ళకు దగ్గరని అందరూ తూర్పు వైపే నరికేవాళ్ళు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని మోపుల లావు చూసి ఎవరి కోడలు పనిమంతురాలో తేల్చి చెప్పేది. ప్రతి వారమూ మా అమ్మే గెలిచేది. గొడ్డలి ఇంకొకరి దాంట్లో కలిసిపోకుండా ఇనుపచువ్వ కాల్చి పిడి మీద మూడు చుక్కలు వేసుకుంది అమ్మ. ఒకటి నాన్న, ఒకటి తను, ఒకటి నేను అని చెప్పేది. కొన్నేళ్ళకు తూర్పు వైపు మోళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. అది తప్పని మాకెవరికీ తోచలేదు, అడవి ఎక్కడికి పోతుంది అనుకునేవాళ్ళం.

గాలివాన మధ్యాహ్నం పూట వచ్చింది. పడమటి వైపు బళ్ళో నాన్న, నేను, ఇంకో పదిమంది పిల్లలం ఉన్నాం. నీళ్ళు తిప్పమీదికి ఎగబాకుతుంటే నాన్న మమ్మల్ని ఒక్కొక్కర్నీ తువ్వాళ్ళతో, చాపతాళ్ళతో మడచెట్లకు కట్టేశాడు. అలలన్నీ ముందున్న చెట్ల మీద విరిగి మా దగ్గరికి నురగలాగా వచ్చేవి. నాయనమ్మ అప్పటికే తిప్ప నడినెత్తికి చేరింది. అమ్మ మాత్రం ఆరబెట్టిన కట్టెలు తడిసిపోతాయని తూర్పు వైపుకి వెళ్ళింది. అక్కడ పట్టుకోవడానికి చెట్టు లేదు, అలను ఆపడానికి చెట్టు లేదు. మూడోరోజు దొరికింది. ఇంటి గోడ ఒకటి కూలింది గానీ, చూరులో దోపిన గొడ్డలి దోపినట్టే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం నాన్న ఆ గొడ్డలి పట్టుకుని పాకగుడిలోకి వచ్చాడు. వాక్యం చెప్పలేదు, పాట ఎత్తలేదు. ప్రార్థన చేసే బల్ల కింద దాన్ని పెట్టి, "ఇది నా ఇంటి గొడ్డలి. తూర్పు వైపు చెట్లు నరికినవాటిల్లో ఇదీ ఒకటి" అన్నాడు. అంతే, వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మరుసటి ఆదివారం బల్ల కింద ఆరు గొడ్డళ్ళు, నెల తిరిగేసరికి గుడికి వచ్చే ప్రతి ఇంటి గొడ్డలీ అక్కడే ఉంది. జాలరి ఇళ్ళవాళ్ళు, "మేం మీ గుళ్ళోకెందుకు గానీ మాస్టారండీ, మాయి గంగమ్మ అరుగు మీద పెట్టుకుంటాం, మాటంటే మాటే" అన్నారు. కట్టడి ఒకటే. వరికోతలయ్యాక వారంరోజులు గొడ్డళ్ళు ఇస్తారు. ఎండిపోయినవీ పడిపోయినవీ తప్ప పచ్చికొమ్మ ముట్టుకోకూడదు. ఆదివారం పొద్దున్న తిరిగి గొడ్డలి బల్ల కిందికి రావాలి, పిడి మీది గుర్తు చూసి నాన్న లెక్క సరిచూసేవాడు. పోలీసు లేడు, జుల్మానా లేదు. గొడ్డలి రాని ఇంటి పేరు ప్రార్థనలో చదివేవాడు, వాళ్ళకోసం దేవుణ్ణి అడుగుదాం అని. ఒక్కసారి పేరు చదివించుకున్నవాళ్ళు రెండోసారి ఆ పని చేసేవాళ్ళు కాదు.

ఈ ధర్మమంతా నాయనమ్మ పొయ్యి దగ్గర దిగజారిపోయేది. మడకట్టె లేదు కాబట్టి పిడకలు, తడి కొబ్బరిమట్టలు. ఇల్లంతా పొగ. నాయనమ్మ ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు చెంగుతో తుడుచుకుంటూ, "మీ అయ్య అడవిని కాపాడతన్నాడు. నా కల్లు ఎవడు కాపాడతాడే?" అని నామీద విరుచుకుపడేది. నాన్న వినపడనట్టు పుస్తకం చదువుకునేవాడు. అమ్మ పోయాక ఆయన మాట తగ్గిపోయింది. పాట అసలు లేదు. అంతకు ముందు మంచినీళ్ళ కావిడి మోస్తూ పాడేవాడు, గట్టు వేస్తూ పాడేవాడు, నాకు జడ వేస్తూ కూడా పాడేవాడు. ఇంట్లో మూడేళ్ళు ఆ గొంతు వినపడలేదు. మా ముగ్గురిలో ఎవరం అమ్మ పేరు ఎత్తేవాళ్ళం కాదు. నేను పడుకునేముందు అడిగే ప్రార్థన ఒక్కటే ఉండేది, నాన్న మళ్ళీ పాడాలని.

మాలో మేం కట్టడి చేసుకున్నాం సరే, బయటివాళ్ళను ఎవరాపుతారు? పోటు చూసుకుని పిల్లకాలువలోంచి పడవలేసుకుని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి నరికి తీసుకుపోయేవాళ్ళు. అరిస్తే నవ్వేవాళ్ళు. నాన్న కాగితాలు రాశాడు, తిరిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ వేసవిలో గుడి ముందు అందరినీ కూర్చోబెట్టి, పిల్లకాలువకు అడ్డంగా గట్టు వేద్దామన్నాడు. "కాలువ మూస్తే పడవ రాదు. ఉప్పునీరూ రాదు. వరిచేలో ఉప్పు దిగితే ఏమవుద్దో మనందరికీ తెలుసు కదా. చెట్టయినా చేనయినా ప్రాణమే. వాననీళ్ళు నిలబడితే మడ ఇంకా ఏపుగా లేస్తుంది" అన్నాడు. మావాళ్ళందరికీ ఆ మాట సబబుగానే తోచింది. తరతరాలుగా ఉప్పునీటికి గట్టు అడ్డం వేసి బతికినవాళ్ళం. గట్టు అంటే మాకు కాపాడేది. గట్టు వల్ల ప్రాణం పోతుందని మా వంశంలో ఎవరూ ఎరగరు.

వద్దన్నది ఒక్క నూకాలత్త. మొగుడు వేటకెళ్ళి తిరిగిరాలేదు, ఇనుపకొక్కెం కట్టిన కర్ర పట్టుకుని పాటుకు మడలో దిగి బొరియల్లోంచి పీతలు పట్టి అమ్ముకునేది. ఎండకీ ఉప్పుకీ కాళ్ళు మోకాళ్ళ దాకా పగిలి ఉండేవి. ఆ రోజు జనం వెనకాల నిలబడి, "అదేంటి మాస్టారండీ, ఏరన్నాక రావాలి, పోవాలి. రాకపోకల్లేపోతే మడకి ఊపిరాడదండి" అంది. నాన్న కసురుకోలేదు. ఆయన ఎవర్నీ కసురుకునేవాడు కాదు. మెత్తగా, "నువ్వు పీతల కోసం చూస్తున్నావు నూకాలూ. నేను పిల్లల ప్రాణాల కోసం చూస్తున్నాను" అన్నాడు. అమ్మను పోగొట్టుకున్న మనిషి ఆ మాటంటే ఇంకెవరు ఎదురు చెప్తారు? నూకాలత్త తల దించుకుని కొక్కెం కర్ర తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఆవిడకు ఎక్కడ తగిలిందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

గట్టు పదిహేను రోజుల్లో లేచింది. కొబ్బరిమొద్దులు పాతి, మధ్యలో తాటాకు తడికలు పెట్టి, మట్టి పోసి, మా ఆడవాళ్ళంతా తట్టలు మోసి, నాన్న పారతో చెక్కి చదును చేసి, అందంగా వేశారు. ఆఖరి రోజు పనిచేస్తూ చేస్తూ నాన్న పాట ఎత్తాడు. నేను తట్టతో అక్కడే ఉన్నాను. మొదట సన్నగా, గొంతు పెగలక, తర్వాత గట్టిగా. తట్టలు మోసేవాళ్ళు అందుకున్నారు. నాయనమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చేసింది. నా ప్రార్థన దేవుడు విన్నాడనుకున్నాను. ఇప్పటికీ ఆ గట్టును నేను పూర్తిగా అసహ్యించుకోలేకపోతున్నానంటే ఆ పాటే కారణం.

పడవలు ఆగిపోయాయి. తొలకరి వానలు పడ్డాయి. గట్టు లోపల నీళ్ళు నిండి చెరువులాగా నిలబడ్డాయి. అందరూ చూసి మురిసిపోయారు, నాన్న రోజూ బడి అయ్యాక గట్టు మీద అటూ ఇటూ నడిచి వచ్చేవాడు. శ్రావణం వెళ్ళబోతుండగా ఒక సాయంత్రం నేను మేకకు ఆకు కోసుకొస్తుంటే నూకాలత్త గట్టు మీద కనిపించింది. లోపలి వైపు దిగి నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఇటు రా పాపా, సూడు." నీళ్ళ మీద పచ్చని జిగురుపాచి తేలుతోంది. ముక్కు పగిలే వాసన. ఊపిరివేళ్ళు ఒక్కటి కనపడటం లేదు, అన్నీ నీళ్ళ అడుగునే. చెట్ల మొదళ్ళ మీద మనిషి ఎత్తున పీతలు అతుక్కుని ఉన్నాయి, ఒక్కో చెట్టుకి పది, పన్నెండు. చెయ్యి దగ్గరికి పెట్టినా కదలటం లేదు.

"బురదలో ఉండాల్సినయి సెట్లెక్కేసినయ్యి. కింద గాలాడట్లేదు. పోటు లేదు, పాటు లేదు, నీరు సచ్చిపడుంది. ఆటి ఎనకాల సెట్లే. మీ నాన్నకి సెప్పవే. గండి కొట్టమను. ఇప్పుడు కొడితే బతుకుద్ది" అంది నూకాలత్త.

"నువ్వే చెప్పొచ్చు కదత్తా?"

"నేను సెప్తే పీతల కోసం అంటాడే. నువ్వు కూతురివి. నీ మాటయితే ఇంటాడు."

చెప్తానని తలూపి పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. నాన్న వాకిట్లో కూర్చుని నాయనమ్మ పొయ్యికి కొత్తగా మట్టి మెత్తుతున్నాడు, పొగ బయటికి పోయేట్టు వెనకాల దారి పెట్టి. మోచేతుల దాకా మట్టి. పాడుతున్నాడు. నాయనమ్మ పక్కనే కూర్చుని, "ఇన్నాళ్ళకి నా కల్ల గురించి గుర్తొచ్చిందా" అని దెప్పుతుంటే పాట మధ్యలో ఆపి నవ్వాడు. నాన్న నవ్వు చూసి ఎంతకాలమైందో నేను లెక్కపెట్టుకోలేదు, కానీ గడప మీద నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన తలెత్తి చూశాడు.

"ఏంటమ్మా, ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదు నాన్నా."

అంతే జరిగింది. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు కూడా ఆయన పాడుతున్నాడు. ఎల్లుండి ఆదివారం, గుళ్ళో అందరూ గట్టు గురించి సాక్ష్యం చెప్పి దేవుణ్ణి స్తుతించారు. ఆ తర్వాత నూకాలత్త కనపడిన ప్రతిసారీ నేను దారి మార్చుకుని వెళ్ళేదాన్ని. ఆవిడ ఒకసారి దూరంనుంచి చెయ్యెత్తి పిలిచింది, వినపడనట్టు నటించాను. చిన్నపిల్లవి, నీదేం తప్పు అంటారు ఎవరైనా వింటే. నాకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. పీతలు చెట్లెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు, ఆవిడ విడమర్చి చెప్పింది కాబట్టి. తెలిసే ఊరుకున్నాను. ఒక మనిషి పాట ఆగిపోకూడదని ఒక అడవిని పోనిచ్చాను.

వరికోతల నాటికి ఆకు పసుపుపచ్చగా మారింది. చలికాలంలో రాలింది. వేసవి వచ్చి నిలవనీళ్ళు ఇంకిపోయేసరికి లోపల తెల్లటి ఉప్పుపొర, అందులో బెరడు ఊడిన చెట్లు వేలకొద్దీ నిలబడే చచ్చిపోయి ఉన్నాయి. కొంగలు వాలేవి కావు. నాన్న గట్టు మీదికి వెళ్ళడం మానలేదు, వెళ్ళి ఒక్కచోటే నిలబడి వచ్చేవాడు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని నూకాలత్త ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. నాన్న కూర్చోలేదు. "నీకు ముందే తెలిసుండాలి నూకాలూ. రోజూ లోపల దిగేదానివి. గట్టు వద్దన్నావు, నేను వినలేదు, నిజమే. నీళ్ళు పాడవడం చూశాకైనా మళ్ళీ ఒక్కమాట నాకు చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అడుక్కుంటున్నట్టు ఉంది. నూకాలత్త నావైపు చూసింది. నేను నా కాలి బొటనవేలు చూసుకుంటున్నాను. తర్వాత ఆవిడ వల మీదికి వంగి, "నాకూ తెలీలేదండి మాస్టారండీ" అంది.

మర్నాడు పొద్దున్న నాన్న ఒక్కడే పార తీసుకుని గట్టుకి గండి కొట్టడం మొదలుపెట్టాడు. ఎవర్నీ పిలవలేదు, ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, తట్టలు మోసినవాళ్ళే కదా. రెండోరోజు నూకాలత్త తట్ట పట్టుకుని వచ్చి, ఆయన తవ్విన మట్టి ఎత్తి అవతల పోసింది. వారం పట్టింది ఇద్దరికీ. నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు నేను చూశాను, చచ్చిన చెట్ల మధ్య నుంచి నురగ కట్టుకుంటూ వచ్చాయి. ఆ ఆదివారం నాన్న గుళ్ళో బల్ల కిందనుంచి గొడ్డళ్ళన్నీ బయటికి తీసి, పిడి మీది గుర్తు చూసి, ఎవరిది వాళ్ళకు చేతికి ఇచ్చేశాడు. ఎండిన చెట్టు నరకొచ్చని కట్టడిలోనే ఉంది కదా. అమ్మది ఒక్కటే మిగిలింది. దాన్ని గోనెగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

ఆ ఏడాదంతా తిప్ప మీద ప్రతి ఇంటి పొయ్యిలోనూ మళ్ళీ మడకట్టె. నాయనమ్మ వద్దన్నా పక్కింటివాళ్ళు రెండు మోపులు తెచ్చి వేశారు. పొగ లేదు, నిప్పు కణకణలాడింది, అన్నానికి మళ్ళీ ఆ వాసన వచ్చింది. నాన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దించేసి చెయ్యి కడుక్కునేవాడు. మిగతా కట్టెలు నాయనమ్మ తనే ఎవరికో ఇచ్చేసి, మళ్ళీ పిడకలు రాజేసి, కళ్ళు తుడుచుకుంటూ ఊదింది. ఈసారి ఎవర్నీ తిట్టలేదు. నాన్న మళ్ళీ పాడలేదు. గుళ్ళో పాట ఎత్తడం కూడా ఇంకొకరికి అప్పజెప్పాడు. అడ్డం లేని తిప్ప మీద గాలికి ఇళ్ళు నిలవక ఒక్కొక్క కుటుంబం ఫరంపేటకీ కనకాలపేటకీ చేరింది, మేమూ వచ్చేశాం. నేను టీచరుద్యోగంలో చేరిన ఏడు నాన్న పోయాడు. ఆఖరి రోజుల్లో కూడా, "నూకాలుకి కూడా తెలీలేదంటే ఇంకెవరికి తెలుస్తుందిలే" అని ఆ ఒక్కమాట పట్టుకుని ఊరట పడేవాడు. ఆ ఊరట తీసెయ్యడానికి నాకు మనసు రాలేదు. ధైర్యమూ రాలేదు, రెండూ ఒకటేనేమో.

ఇవాళ అక్కడ ఉన్న అడవి ఎవరూ నాటింది కాదు. గండిలోంచి నీరు రావడం పోవడం మొదలయ్యాక, ఆ నీరే ఎక్కడెక్కడి మడకాయలనో తెచ్చి బురదలో గుచ్చింది. నూకాలత్త పట్టుబట్టి తన ఇల్లు మాత్రం అక్కడే ఉంచుకుని, మేకలు దిగకుండా కొక్కెం కర్రతో కాపలా కాసిందని తర్వాత విన్నాను. ముప్ఫై నలభై ఏళ్ళకు మళ్ళీ చెట్టు తలెత్తి నిలబడింది. ఆ అడవి చూడటానికే ఇప్పుడు కార్లలో వస్తున్నారు.

ఆదివారం ఆటోలో వెళ్ళాను. అమ్మ గొడ్డలి గోనెగుడ్డతోనే సంచిలో పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలీదు. షామియానా, మైకు, కుర్చీలు. ఫోటో దొరక్కపోతే ఊహించి గీయించారు, బోర్డు మీద నాన్నకు ఎన్నడూ లేని మీసం ఉంది. దాని పక్కనే ఇంకో బోర్డు, మడచెట్టు బొమ్మ, ఊపిరివేళ్ళ ద్వారా చెట్టు గాలి పీల్చుకుంటుందని రంగురంగుల్లో రాసి. మాకప్పుడు తెలీదు. వీళ్ళకు తెలుసు, తెలిసి అచ్చు వేయించారు కూడా. సత్తిబాబు నా చెయ్యి పట్టుకుని బాట చూపించడానికి తీసుకెళ్ళాడు. "చూడండి టీచర్ గారూ, వీల్ చైర్ కూడా వెళ్ళిపోద్ది." బాట అంటే పలకలు పరిచిన మట్టిగట్టు. అది తిన్నగా వెళ్ళి పిల్లకాలువ నదిలో కలిసే మొగను దాటింది, నాన్న గట్టు వేసిన చోటే, అదే వంపులో.

"నీళ్ళు?" అన్నాను.

"తూములు పెట్టాం కదండి. రెండు."

వంగి చూశాను. నా రెండు చేతులు చాచినంత కూడా లేవు ఆ తూములు. ఒకదానికి సీసాలూ సంచులూ అడ్డం పడి ఉన్నాయి, రెండోది సగం బురద. అవతల నది పాటు మీద వెనక్కి తీసి ఉంది. ఇవతల నీళ్ళు కదలకుండా ఉన్నాయి, అంచున పచ్చని పాచి. నాకు చూపు ఆనదు, అయినా దగ్గర చెట్టు మొదలు మీద అతుక్కున్నవి ఏమిటో చూడటానికి కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

మైకు ఇచ్చినప్పుడు అన్నీ చెప్పేశాను. గట్టు, పాట, పీతలు, గడప మీద నేను ఆగిపోవడం, నూకాలత్త అబద్ధం. మా నాన్న ఈ అడవిని చంపాడని, నేను సాయం చేశానని చెప్పాను. "పీతలు చెట్లెక్కాయి. గండి కొట్టండి. ఇప్పుడు కొడితే బతుకుతుంది. ఈ మాట నన్ను చెప్పమన్నది మీ అధ్యక్షుడి మామ్మ. నేను చెప్పడం ఆలస్యం చేశాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. సత్తిబాబు మైకు తీసుకుని, "టీచర్ గారు చాలా ఎమోషనల్ అయ్యారు. మాస్టారి గొప్పతనం గురించి మా మామ్మ కూడా ఎప్పుడూ చెప్తా ఉండేది. గండి కొట్టేటప్పుడు ఆయన పక్కన తట్ట మోశానని చెప్పుకునేది" అన్నాడు. ఆ గండి ఎందుకు కొట్టారో ఆవిడ అతనికి చెప్పలేదు. నా పరువు మనవడి దగ్గర కూడా కాపాడింది. నాకు ఏడుపొచ్చింది, అది చూసి మళ్ళీ చప్పట్లు.

దిగుతుంటే అతని చెయ్యి పట్టుకుని, తూముల్లో నీరు కదలట్లేదు, కాలువ వెడల్పంతా తెరవాలి సత్తిబాబూ అన్నాను. "ఇంజనీర్లు చూసుకున్నారండి. మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో, నాన్న గొంతు గుర్తొచ్చింది. తర్వాత మొక్క నాటే కార్యక్రమం. రిబ్బను కట్టిన కొత్త పార తెచ్చి నా చేతికి ఇచ్చారు. తవ్విన గుంట వైపు నేను వెళ్ళలేదు. కాలువ మొగ మీదికి నడిచి, పలకల పక్కన మట్టి కనిపించినచోట పార వేశాను. ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. రెండో పారకీ నవ్వుతూనే ఉన్నారు, ఎవరో "సూపర్ టీచర్ గారూ" అన్నారు. మూడో పారకు పలక ఒకటి కదిలింది, నవ్వులు ఆగాయి. సత్తిబాబు గబగబా వచ్చి, "మొక్క అటండి, అటు" అంటూ పార నా చేతిలోంచి నెమ్మదిగా విడిపించాడు.

"ఎండ తగిలినట్టుంది, కుర్చీ వెయ్యండ్రా" అని ఎవరో అన్నారు. నన్ను జాగ్రత్తగా, ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని షామియానా కింద కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. ఒడిలో గొడ్డలి ఉన్న సంచి బరువుగా ఉంది. నేను తవ్వింది అన్నం పళ్ళెమంత కూడా లేదు. చూస్తుండగానే కమిటీ మనిషి ఒకాయన వచ్చి, పక్కన పడ్డ మట్టి అందులోకి తోసి, పలక సరిచేసి, చెప్పుకాలితో రెండుసార్లు గట్టిగా తొక్కాడు.